ఒక్క కంచానికి వంట

నా వయసు ఇరవై మూడు. పని చాలించుకున్న పెద్దవాళ్లు రాసే రాతలు నేను రాయడం నవ్వులాటగానే ఉంటుంది. అయినా నాలుగేళ్లు ఒక్క మనిషికే పూటపూటా వండాను. వచ్చే సోమవారం నుంచి ఆ పని ఇంకొకరి చేతికి పోతుంది. నేను సూర్యాపేటలో కొత్తగా పెట్టిన తెలుగు బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పడానికి వెళ్తున్నాను.

"రోజూ డైరీ రాసుకుంటవు గదా. నీ వెనుక వచ్చే పిల్లకు అక్కరకొచ్చేది గూడ జర రాసి పెట్టు" అన్నది నర్సమ్మ. నేను వండింది ఆమెకే. సర్కారు దవాఖానలో కాన్పులు చేసే నర్సు. పెళ్లి లేదు, వెనకా ముందూ ఎవరూ లేరు. యాభై దాటిన మనిషి. కడుపులో పుండు. ఒకసారి అది తిరగబెట్టి చావు దాకా వెళ్లి వచ్చింది. మళ్లీ తిరగబెడితే హైదరాబాదు పంపి కోయించాల్సిందేనని, ఆ తర్వాత ఉద్యోగం మాట మరిచిపోవాలని డాక్టరు గారు చెప్పారు. కాబట్టి ఈ వంటలో తప్పు చేస్తే పోయేది రుచి కాదు, ఒక మనిషి బతుకుతెరువు. ఇది ముందు తెలియాలి.

ఇంకొకటి కూడా తెలియాలి. నా వెనుక వస్తున్నది రూతమ్మ. ఆమెను చూస్తే నాకు మొదటి రోజు నుంచీ కుళ్లు. ఇంకా పోలేదు. ఇందులో ఎక్కడైనా ఆమెను తక్కువ చేసినట్టు కనబడితే, దాన్ని వంట గురించిన మాటగా తీసుకోవద్దు.

ఎనభై మంది చేయి

మా అమ్మ సూర్యాపేటలో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. రోజుకు ఎనభై మందికి వండేది. నేను పుట్టి పెరిగింది ఆ వంటింటి వెనకే. హాస్టల్ పిల్లల పుస్తకాలు అడిగి తెచ్చుకుని, గింజలు ఏరుతూ చదువుకున్నాను. ఎవరితోనూ మాట్లాడటం వచ్చేది కాదు. అడిగితే తల ఊపేదాన్ని. నర్సమ్మకు పథ్యం వండే మనిషి కావాలని తెలిసినప్పుడు అమ్మే నన్ను పంపింది. "మాట్లాడకున్నా నడిచే పని ఇదొక్కటేనే" అన్నది.

మొదటి వారం నా వంట ఒక్క పూట కూడా కుదరలేదు. ఎనభై మంది లెక్క నాకు నోటికి వచ్చు. దాన్ని ఎనభైతో భాగిస్తే ఒకరి వంట వస్తుందనుకున్నాను. రాదు. పెద్ద డేగిసాలో నీళ్లు నిదానంగా ఇగురుతాయి. చిన్న మట్టి గురిగిలో బియ్యం పలుకు మీద ఉండగానే నీళ్లు అయిపోతాయి. చిటికెడు ఉప్పు ఎనభై మందిలో ఎక్కువైనా తెలియదు, ఒక్కరిలో అదే విషం. నా మొదటి అన్నం కింద మాడి, పైన పలుకై, మధ్యలో మాత్రం తినేట్టుగా వచ్చింది. నర్సమ్మ ఆ మధ్యలోది నాలుగు ముద్దలు తిని, "మూడు తీర్ల అన్నం ఒక్క కుండల వండినవు. నీకు మంచి చేయి ఉన్నది" అన్నది. వెక్కిరించిందని రెండు రోజుల దాకా నాకు అర్థం కాలేదు.

నేర్చుకున్నది ఇది. ఒకరి వంటకు కుండ కంటే నిప్పు ముఖ్యం. కుంపట్లో నాలుగు బొగ్గులు చాలు. అన్నం ఉడుకు పట్టగానే వాటి మీద బూడిద కప్పాలి. మూత బదులు లోతు పళ్లెం పెట్టి అందులో నీళ్లు పోయాలి. కింద నీళ్లు తగ్గితే పళ్లెంలో కాగిన ఆ వేడినీళ్లే పోయాలి, చన్నీళ్లు పోయకూడదు. పొద్దున వండింది మాపటికి ఉంచకూడదు. పుండున్న కడుపుకు పులిసిందేదైనా శత్రువే, సల్లతో సహా. అప్పుడే చిలికి వెన్న తీసిన సల్ల అయితే సరే.

ఒక్కరికే కదా, ఎంతసేపు పని అంటారు అందరూ. మా అమ్మ కూడా చూడవచ్చి నా గురుగులు చూసి, "గింత కుండల ఏం వండుతవే, పిట్టకా?" అన్నది. నర్సమ్మకు రోజుకు ఆరుసార్లు పెట్టాలి, ప్రతిసారీ కొంచెం, ప్రతిసారీ కొత్తది. మా అమ్మ ఎనభై మందికి రెండుసార్లు పొయ్యి ముట్టించేది. నేను ఒక్కరికి ఆరుసార్లు ముట్టించేదాన్ని.

బ్యాండేజి గుడ్డ

డాక్టరు గారికి వంట తెలియదు. చీటీ మీద 'పలచని ఆహారం, కారం పులుపు నూనె వద్దు' అని రాస్తారు. వద్దన్నవన్నీ తీసేశాక మిగిలేదేమిటో రాయరు. నేను పెసరపప్పు ఉడికించి పెట్టాను, సొరకాయ ఉడికించి పెట్టాను, జొన్న రవ్వ జావ కాచి పెట్టాను. అన్నీ ఒకటే పాలిపోయిన రంగు, ఒకటే మెత్తన.

"ఏందే సుగుణా, దవాఖాన నుంచి బ్యాండేజి గుడ్డ తెచ్చి నానబెట్టినవా?" అన్నది నర్సమ్మ.

నర్సమ్మ మంచి యజమానురాలు. మంచి రోగి కాదు. నాతో ఏనాడూ గట్టిగా మాట్లాడలేదు. కానీ కాన్పు చేయడానికి ఎవరింటికైనా పోతే అక్కడ నెయ్యి పోసిన పప్పు, పులుసు తిని వచ్చేది. నేను వండి పెట్టింది చూసి, "ఆకలి లేదు బిడ్డా" అనేది. ఉతకడానికి వేసిన చీర కొంగు తీసుకుని నేను వాసన చూసేదాన్ని. మొగుడి మీద అనుమానమున్న ఆడది చూసినట్టు. ఒకనాడు కొంగుకు పసుపు మరక, చింతపండు వాసన. ఆ రోజు డైరీలో, ఆ ఇంటి ఇల్లాలి పేరు కూడా నాకు తెలియదు గానీ, ఆమె వంట పాడైపోవాలని రాసుకున్నాను. పుట్టిన బిడ్డ మంచిగుండాలని కింద ఇంకో వాక్యం రాశాను. భయపడి.

ఆ కుళ్లు వల్ల ఒక మేలు జరిగింది. కారం లేకుండా రుచి ఎక్కడ ఉంటుందో వెతికాను. పెసరపప్పు ఉడికించే ముందు నూనె లేకుండా దోరగా వేయిస్తే వాసనే వేరు. జీలకర్ర వేయించి దంచి, దించేముందు చిటికెడు వేయాలి. లేత మెంతాకు, కొత్తిమీర, పొన్నగంటి కూర ఒక్కో రోజు ఒక్కోటి. సొరకాయను నీళ్లలో ఉడికించకుండా పాలలో ఉడికించాలి. నెయ్యి నాలుగు చుక్కలు, అది కూడా కంచంలో వడ్డించాక. నెల తిరిగేసరికి కొంగు వాసన తగ్గింది. నర్సమ్మ నొప్పి కూడా తగ్గింది. రెండేళ్లు అట్లాగే గడిచాయి. ఆమె డ్యూటీకి పోయిన వేళల్లో ఆమె అలమారాలోని నవలలు ఒక్కొక్కటే వంటింట్లోకి తెచ్చుకుని చదివి, ఆమె వచ్చేలోగా వరస తప్పకుండా పెట్టేదాన్ని. అడిగితే ఇచ్చేదే. నాకు అడగడం రాదు.

కోదాడ

కొట్లాటలు, దోపిళ్ల గడబిడ రోజుల్లోనే నర్సమ్మకు సూర్యాపేట నుంచి కోదాడకు బదిలీ అయింది. మునగాల దగ్గర బస్సు ఆపి, సరుకుల సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి వాళ్లు సామాను విప్పించారు. గడ్డిలో చుట్టి పెట్టిన నా గురుగులు ఒక్కొక్కటే తీసి చూసి, "బొమ్మల పెండ్లికి పోతున్నరా?" అని ఒకాయన నవ్వాడు. నర్సమ్మ కూడా నవ్వింది. నేను బస్సు దిగేదాకా తల ఎత్తలేదు.

కోదాడలో మా వెనక వీధిలో కాంపౌండరు గారి ఇల్లు. రూతమ్మ ఆయన చెల్లెలు. పద్దెనిమిదేళ్లు. కృష్ణా నది అవతలి మాట, గలగలమని నవ్వు. మొదటి వారంలోనే మధ్యాహ్నం నర్సమ్మ అన్నం తినే వేళకు చేతిలో గిన్నె పట్టుకుని వచ్చింది. సరాసరి గదిలోకి పోయి మంచం పట్టె మీద కూర్చుంది.

"ఏం నర్సమ్మగారూ, ఒక్కరే తింటన్నారేంటి? నేనూ ఇక్కడే కూర్చుంటా."

"కూసో. మాట్లాడే మనిషి లేక నోరు పాసిపోతున్నది."

నేను వంటింట్లో ఉన్నాను. మధ్యలో ఒక తలుపు, దానికి పాత చీర తెర. రెండేళ్లుగా నేను కంచం పెట్టేసి వంటింట్లోకి వచ్చి నిలబడేదాన్ని. పెద్దవాళ్లు తింటుంటే ఎదుట ఉండకూడదని మా అమ్మ నేర్పింది. హాస్టల్లో మేం పిల్లల ముందు తినేవాళ్లం కాదు, వాళ్లు తింటుంటే చూసేవాళ్లమూ కాదు. నర్సమ్మకు మాట్లాడే మనిషి లేదన్న మాట నేను ఆ రోజే మొదటిసారి విన్నాను. నేను మనిషిని కానా అనిపించింది.

ఆ తర్వాత రూతమ్మ రోజూ వచ్చేది. అలమారాలోంచి నవల తీసి పైకి చదివేది. నేను దొంగగా చదివిన పుస్తకాలే. ఆమెకు ఒత్తులు పలకవు. వర్ణన వస్తే, "ఇదంతా చెట్లూ చేమలూ లెండి" అని పేజీలు తిప్పేసేది. తెర వెనక నా పెదవులు ఆ వదిలేసిన వాక్యాలు చదివేవి. నర్సమ్మ పకపకా నవ్వేది. కంచం ఖాళీగా తిరిగి వచ్చేది. నేను వండిందే. రూతమ్మ రాకముందు సగం మిగిలేదే.

పక్కనే రూతమ్మ గిన్నె కడగడానికి వచ్చేది. దాని అడుగున ఎర్రగా ఆవకాయ ఊట.

నేను కట్టుకున్న లెక్క ఇది: ఆమె రోజూ ఆవకాయ తెచ్చి నర్సమ్మ కంచంలో వేస్తున్నది, ఆ రుచికే కంచం ఖాళీ అవుతున్నది. తెర జరిపి చూస్తే తెలిసేది. నేను జరపలేదు. చూడకుండానే నమ్మడం సుఖంగా ఉండింది.

నాలుగు పచ్చిమిరపకాయలు

ఒక శనివారం పొద్దున పచ్చిపులుసు చేశాను. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి, నాలుగు పచ్చిమిరపకాయలు నిప్పుల మీద కాల్చి నలిపాను. మూడేళ్లలో ఆ ఇంట్లో నేను మిరపకాయ ముట్టడం అదే మొదలు. మెత్తటి అన్నం మీద పోసి తీసుకుపోయి పెట్టాను. రూతమ్మ ఇంకా రాలేదు.

నర్సమ్మ ఒక ముద్ద తిని నా మొహం చూసింది. "ఎవరు జెయ్యమన్నరే?"

"నేనే అమ్మా. మీకు నోరు చప్పబడ్డదని."

ఆమె ఇంకో ముద్ద కలిపింది. తిన్నది. ఇంకొంచెం పోయమన్నది. పోశాను. ఆ పూట నేను వంటింట్లోకి పోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాను. అంత సంతోషం నాకు ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. తర్వాత రూతమ్మ ఎప్పటిలాగే గిన్నెతో వచ్చి, కాసేపు కూర్చుని వెళ్లింది.

ఆదివారం పొద్దున నర్సమ్మ ప్రార్థనకు తయారవుతూ వంగి, లేవలేకపోయింది. తట్ట పట్టేలోగా నల్లగా కక్కింది. కోదాడ దవాఖాన డాక్టరు గారు పరుగున వచ్చారు. సూది మందు ఇచ్చాక వంటింటి వైపు తిరిగారు.

"నిన్న ఏం తిన్నది?"

నర్సమ్మకు మాట్లాడే ఓపిక లేదు. కళ్లు మూసుకుని ఉంది. గోడ దగ్గర రూతమ్మ మరిచిపోయిన గిన్నె, దాని అంచున ఎర్రటి ఊట. నేను నోటితో ఏమీ చెప్పలేదు. గిన్నె వైపు చూపించాను.

అబద్ధం ఆడటానికి మాట కూడా అక్కరలేదని ఆ రోజు తెలిసింది. డాక్టరు గారు కాంపౌండరు గారిని పిలిచి గట్టిగా అన్నారు. ఆయన ఇంటికి పోయి చెల్లెల్ని అన్నారు. రూతమ్మ రావడం ఆగిపోయింది.

నాకు కావలసింది అదే. ఇల్లంతా నాది. గంటకోసారి పాలు, పలచటి బియ్యపు గంజి. నర్సమ్మ రెండు గుటకలు మింగి మొహం తిప్పేది. నాలుగు రోజులకు కాస్త మాట వచ్చింది.

"రూతు ఎందుకొస్తలేదే?"

"పనున్నదట అమ్మా."

ఇది రెండో అబద్ధం. ఈసారి మాటతోనే.

వారానికి ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారాయి. డాక్టరు గారు నన్ను అవతలికి పిలిచి, "జర తినిపియ్యమ్మా. ఇంకో వారం గిట్లనే ఉంటే హైదరాబాదు పంపిస్త. కోతకు తట్టుకుంటదని నాకు నమ్మకం లేదు" అన్నారు. నేను దోరగా వేయించిన పప్పు, పాల సొరకాయ, మెంతాకు, అన్నీ చేశాను. ఏదీ లోపలికి పోలేదు. అంతకుముందు ఖాళీ అయిన కంచంలో ఉన్నవీ ఇవే. తేడా ఒక్కటే, గదిలో ఎవరూ లేరు.

గడప

మరునాడు మిట్టమధ్యాహ్నం రూతమ్మ ఇంటికి పోయాను. ఎవరూ పిలవకుండా నేను ఒకరింటికి పోవడం అదే మొదలు. ఆమె వసారాలో కూర్చుని మినుములు చెరుగుతున్నది. నన్ను చూసి చాట ఆపలేదు.

"ఏం సుగుణక్కా, గిన్నె తెచ్చావా?"

గిన్నె తేలేదని, పచ్చిపులుసు చేసింది నేనేనని చెప్పాను. నాలుగు మిరపకాయల సంగతి కూడా. చెప్పడానికి చాలాసేపు పట్టింది. చాట ఆగింది.

"నేను ఆవిడకి ఆవకాయ పెట్టాననుకున్నావా?"

"గిన్నెల చూసిన."

"అది నా అన్నం, అక్కా. ఒక్కతే తింటంటే చూడలేక నా అన్నం తీసుకొచ్చుకుని పక్కన కూర్చుని తినేదాన్ని. ఓసారి ఆవిడే కొంచెం వెయ్యమంది. డాక్టరుగారు చంపుతాడని వెయ్యలేదు." చాట పక్కన పెట్టి, "ఆ తెర వెనక నుంచుని వినేదానివని నాకు తెలుసు. కాళ్లు కనపడేయి. లోపలికొచ్చి కూర్చుంటే నీ సొమ్మేం పోయేది?" అన్నది.

రమ్మని అడిగాను.

"వస్తా. ముందు డాక్టరుగారికి నువ్వు చెప్పు. మా అన్నయ్య నాతో మాట్లాడి ఎన్ని రోజులైందో తెలుసా?"

దవాఖానలో నలుగురు ఉండగా చెప్పాను. నా గొంతు నాకే వినబడలేదు. డాక్టరు గారు రెండోసారి చెప్పించుకున్నారు. తిడతారనుకున్నాను. "మిరపకాయలు ఎన్ని?" అని అడిగి, నాలుగు అంటే చీటీ మీద రాసుకున్నారు. కాంపౌండరు గారు చేతిలో సీసా పట్టుకుని నా వైపే చూస్తూ ఉండిపోయారు. ఆ చూపు కంటే తిట్టే నయం.

నర్సమ్మతో చెప్పినప్పుడు ఆమె ఆశ్చర్యపోలేదు. "పచ్చిపులుసు సంగతి నాకు ఎరుకనే. నా నోరే గదా తిన్నది. నీ మొహం చూసి రెండోసారి అడిగిన. అది మన ఇద్దరి తప్పు." తర్వాత రూతమ్మ ఎందుకు రాలేదో చెప్పాను. ఆమె పాల గ్లాసు పక్కకు జరిపింది. "గిది మాత్రం నీ ఒక్కదానిదే" అన్నది.

ఆ మధ్యాహ్నం రూతమ్మ వచ్చింది. తెర తీసి మడత పెట్టింది. "నీ కంచం కూడా తెచ్చుకో" అన్నది. తెచ్చుకున్నాను. గడప దాటి ఒకరి ముందు కూర్చుని తినడం ఎంత కష్టమో అట్లా పెరిగిన వాళ్లకే తెలుస్తుంది. అన్నం కలుపుతూనే కూర్చున్నాను. నర్సమ్మ నన్ను చూస్తూ తన జావ తిన్నది, సగం గిన్నె. మరునాడు ముప్పాతిక. హైదరాబాదు ప్రయాణం తప్పింది.

ఒకరికి వండే వాళ్లకు నేను చెప్పగలిగే పెద్ద సంగతి ఇదే. ఒంటరి మనిషి కంచంలో ఉప్పు తక్కువైతే సర్దుకుంటారు. ఎదుట ఇంకో కంచం లేకపోతే మాత్రం ఎంత మంచి తిండైనా సగంలో ఆగిపోతుంది. మీ అన్నం కూడా తీసుకుని కూర్చోండి. మాట్లాడటం రాకపోయినా ఫరవాలేదు. నాకు రాదు.

రూతమ్మ నాచేత నవల చదివించింది. నేను ఒక్క పేజీ వదలకుండా చెట్లూ చేమలూ అన్నీ చదివాను. నర్సమ్మ శ్రద్ధగా విన్నది. కానీ నవ్వింది మాత్రం రూతమ్మ చదివినప్పుడే. అది కూడా డైరీలో రాసుకున్నాను.

మిర్యాలగూడలో చివరి వారం

నర్సమ్మకు మళ్లీ బదిలీ అయి, ఏడాది కిందట మిర్యాలగూడ వచ్చాం. బడి పని సంగతి తెలియగానే నర్సమ్మ కోదాడకు ఉత్తరం రాసింది. నన్ను అడగలేదు. అడిగితే ఇంకెవరి పేరైనా చెప్పేదాన్ని.

రూతమ్మ వచ్చి వారమైంది. నేర్పుతున్నాను. నేను నెల రోజులకు పట్టుకున్న నిప్పు ఆమెకు మూడో రోజుకే చేతికి వచ్చింది. నిన్న ఆమె కాచిన పెసర జావ నర్సమ్మ తిని, "ఎట్ల ఉన్నది సుగుణా?" అని నన్నడిగింది. రూతమ్మ గరిటె పట్టుకుని నా మొహం చూస్తున్నది. ఉప్పు తక్కువైందనాలని నాలుక చివరి దాకా వచ్చింది. తక్కువ కాలేదు.

"నా దానికంటే మంచిగున్నది" అన్నాను.

"మరి తిను, సల్లారుతది" అన్నది నర్సమ్మ.

వంట అంతా నేర్పాను. ఒక్కటి నేర్పలేదు. మర్చిపోయి కాదు. నర్సమ్మకు నొప్పి మొదలవడానికి ఒక పూట ముందు, తనకే తెలియకుండా, ఎడమ కాలి చెప్పు విప్పి వట్టి పాదం నేల మీద ఆనిస్తుంది. ఎంత ఎండలోనైనా, మాట్లాడుతూ మాట్లాడుతూనే. కోదాడలో ఆ శనివారం మధ్యాహ్నం కూడా ఆనించింది, సంతోషంలో ఉండి పట్టించుకోలేదు. అది కనబడితే ఆ పూట వంట ఆపేయాలి. గోరువెచ్చటి పాలు అరగ్లాసు, గంట తర్వాత ఇంకో అరగ్లాసు, మరునాటి దాకా అంతే. ఈ ఏడాదిలో రెండుసార్లు అట్లా ఆపాను, రెండుసార్లూ నొప్పి రాలేదు. డాక్టరు గారికి తెలియదు, నర్సమ్మకే తెలియదు. రూతమ్మ మాటల్లో పడి గమనించదని నాకు తెలుసు. ఇది నాతోనే తీసుకుపోవాలనుకున్నాను. నేను లేకపోతే ఈ ఇంట్లో ఏదో ఒకటి జరగకుండా ఆగిపోవాలి అనుకున్నాను.

ఎడమ కాలు, రూతమ్మా. మాట్లాడుతున్నప్పుడు కూడా ఆ కాలు చూస్తూ ఉండు.